గడ్డంలో తోడు

ఆ గురువారం ఉదయం టెగన్ వేసుకున్న పథకం చిన్నదే. మధ్యాహ్నం మూడు గంటల టీ లోపల ప్రొఫెసర్ గడ్డాన్ని తన ఫ్లాస్కు మీద ఒక్కసారి దులపాలి. దులుపుతున్న సంగతి ఆయనకు తెలియకూడదు.

మందుల రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేస్తున్న పిల్లకు ఇదేం బుద్ధి అనిపించవచ్చు. ఎనిమిది నెలలుగా ఆమె అవస్థ చూసినవాళ్ళు మాత్రం అలా అనరు. గసగసాల మొక్క నుంచి తీసిన సరుకుతో మొదలుపెట్టి, మెట్టు మీద మెట్టుగా మార్చుకుంటూ వచ్చి టెగన్ ఒక పదార్థం తయారుచేసింది. నొప్పి తగ్గించి మత్తెక్కించని మందు అది కావచ్చని అందరి ఆశ. అయితే అలాంటి పదార్థాలకు కుడిచెయ్యి, ఎడమచెయ్యిలాగ రెండు రూపాలుంటాయి. ఒకటి మందు, రెండోది ఎందుకూ కొరగానిది. ఫ్లాస్కులో ఉన్నది ఏ చెయ్యో తేల్చాలంటే ఆ పదార్థం స్ఫటికాలు కట్టాలి. ఆ స్ఫటికాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెట్టి చూడాలి. అదేమో కట్టనని మొండికేసింది. ఫ్లాస్కు అడుగున లేతపాకంలా కూర్చుంది. టెగన్ దాన్ని చల్లబరిచింది, వెచ్చబెట్టింది, గాజుకడ్డీతో ఫ్లాస్కు లోపలి గోడ గీకింది, సగం తీసి రెండో ఫ్లాస్కులో వేసి చూసింది, బతిమాలింది, ఎవరూ లేనప్పుడు తిట్టింది. పాకం పాకంగానే ఉంది.

వచ్చేవారం నుంచి ఎక్స్‌రే యంత్రం మరమ్మతుకు మూతపడుతుంది. థీసిస్ ఇవ్వాల్సింది నెలాఖరుకి. స్ఫటికం లేకపోతే అసలైన అధ్యాయం పోతుంది. ఆ అధ్యాయం పోతే మిగిలేది అట్ట.

ఇందులో మరీ బాధ పెట్టే సంగతి, రెండేళ్ళ క్రితం ఆ పదార్థం ఒకసారి స్ఫటికాలు కట్టింది. చిటికెడు, తెల్లగా, సన్న ఉప్పులా. ప్రొఫెసర్ హార్వీ లిడ్‌స్టర్ ఆ చిన్న సీసాను కిటికీ వెలుతురుకి పట్టి, గడ్డం దాదాపు లోపలికి దూర్చి, చాలాసేపు చూశాడు. మర్నాడు టెగన్ ఆ చిటికెడూ పరీక్షల కోసం కరిగించేసింది. ఇవాళ కట్టింది రేపు కట్టదా అనుకుంది. పెరుగంతా వడ్డించేసి తోడుకి చెంచాడు కూడా మిగల్చని కొత్త కాపురంలా అయింది ఆమె పని. స్ఫటికాలకూ తోడు కావాలి. వాటిలో ఒక్క రేణువుంటే చాలు, దాన్ని చూసి మిగతాది వరసలో నిలబడుతుంది. ఆ పాత సీసా ఉన్నా గోడకి ఏదో అంటుకుని ఉండేది. అది ఎటు పోయిందో తెలియదు. వారం రోజులుగా టెగన్ తన అరలన్నీ ఖాళీచేసి, తుడిచి, వెతికింది. దొరకలేదు.

ఇక మిగిలింది గడ్డం. ముసలి రసాయనవేత్తల గడ్డంలో వాళ్ళు జన్మలో ముట్టుకున్న ప్రతి పదార్థం తాలూకు దుమ్మూ ఉంటుందని, మొండికేసిన ఫ్లాస్కు మీద దాన్ని దులిపితే తోడు పడుతుందని ఈ వృత్తిలో పాత నమ్మకం. పక్క బల్ల దగ్గర పనిచేసే సెమీసి మొదటి ఏడాదిలోనే టెగన్‌కి ఆ సంగతి చెప్పాడు. అతను టోంగా దీవుల మనిషి, చర్చిలో పాడే గొంతు, నవ్వితే గాజుసామాను మోగుతుంది. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు టెగన్‌కి నవ్వు రావడం లేదు. తన స్ఫటికాల ఆఖరి రేణువు ఈ లోకంలో ఎక్కడైనా ఉంటే హార్వీ గడ్డంలోనే ఉండాలి. ఆ గడ్డం ఇవాళ టీ వేళకి పోతుంది.

దానికొక కారణం ఉంది. నిరుడు హార్వీ భార్య ఐలీన్‌కి రక్తజబ్బు చేసింది. ఆమెకి నయమైతే గడ్డం తీయించుకుంటానని ఆయన ఆస్పత్రి వరండాలో మొక్కుకున్నాడు. కాఫీ యంత్రం తప్ప ఆ మొక్కుకి సాక్షి లేదు. ఆమెకి నయమైంది. ఆ పేరున డిపార్ట్‌మెంటు అంతా చందాలు వేసుకుని ఆ ఆస్పత్రికే ఇస్తున్నారు. కత్తెర పట్టేది ఐలీనే.

నోరు తెరిచి అడగవచ్చుగా అంటే, అక్కడే ఉంది చిక్కు. ఎనిమిది నెలలుగా ప్రతి సోమవారం హార్వీ "స్ఫటికాలు ఎంతవరకు వచ్చాయి?" అని అడుగుతున్నాడు. ప్రతి సోమవారం టెగన్ "దగ్గర్లో ఉన్నాయి" అంటోంది. భార్య ఆస్పత్రిలో ఉన్న మనిషికి ఇంకో బెంగ ఎందుకని మొదలుపెట్టిన అబద్ధం, ఆమె ఇంటికొచ్చాక కూడా ఆగలేదు. ఇప్పుడు వెళ్ళి, మీరు మొక్కుకున్న గడ్డాన్ని నాకు చీపురుగా ఇవ్వండి అని ఏ మొహంతో అడగడం?

ఉదయం హార్వీ ప్రయోగశాలలోకి రాగానే ఆమె ఫ్లాస్కు పట్టుకుని ఎదురెళ్ళింది.

"ఒక్కసారి ఇది చూస్తారా? బాగా దగ్గరగా."

ఆయన వంగాడు. ఆలోచన వస్తే గడ్డం దువ్వుకునే అలవాటు ఆయనది. చెయ్యి గడ్డం మీదికి వెళ్ళింది. టెగన్ ఫ్లాస్కు మూత తీసింది.

"వల, బంగారం" అంది గుమ్మంలోంచి గ్లెనిస్.

గ్లెనిస్ ఆ ప్రయోగశాల మేనేజరు. తాళాలు, భద్రత, టీ గది అన్నీ ఆమె చేతికిందే. ప్రొఫెసర్ని, కొత్తగా చేరిన పిల్లల్ని, తనిఖీకి వచ్చిన అధికారుల్ని ఒక్కలాగే బంగారం అని పిలుస్తుంది. పోయిన తనిఖీ తర్వాత గడ్డాలున్నవాళ్ళు వల తొడుక్కోవాలని నియమం పెట్టింది. హార్వీ బుద్ధిగా జేబులోంచి ఆకుపచ్చ వల తీసి గడ్డానికి తొడుక్కుని, మళ్ళీ వంగాడు.

"దగ్గరకొచ్చినట్టుంది" అన్నాడు.

"చాలా దగ్గరకొచ్చింది" అంది టెగన్.

ఆయన వెళ్ళిపోయాడు. ఇక కోసిన వెంట్రుకలే దిక్కు. వాటి లెక్క గ్లెనిస్‌కే తెలుసు. టెగన్ కాసేపు అటూ ఇటూ తచ్చాడి, తీసిన గడ్డం ఏం చేస్తారని అడిగింది. చెత్తబుట్టలోకి, ఇంకెక్కడికి అంది గ్లెనిస్. కొంచెం నాకిస్తారా అంది టెగన్.

"నీకెందుకు?"

గడ్డం మూఢనమ్మకం గురించి గ్లెనిస్‌తో చెప్పడమంటే వంటింటి కిటికీలోంచి ఊరికి చెప్పడమే. టెగన్ నోటికి వచ్చిన మాట అనేసింది. "గుర్తుగా ఉంచుకుందామని. ఇన్నేళ్ళు ఇక్కడున్నాను కదా."

గ్లెనిస్ ఆమె వంక చూసింది. వెనకున్న బల్ల వంక చూసింది. థీసిస్‌కి నెల ముందు ఏ విద్యార్థి బల్లయినా ఎలా ఉంటుందో గ్లెనిస్ ఎరగనిది కాదు. ఈ బల్ల అద్దంలా ఉంది. అరలు ఖాళీ. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పైగా గుర్తుగా అంటోంది.

"అలాగే బంగారం" అంది మెల్లగా, టెగన్ చెయ్యి నిమిరి.

టెగన్ చదువు మానేసి వెళ్ళిపోతోందని గ్లెనిస్ సెమీసికి చెప్పింది. ఎవరికీ చెప్పకు అని కూడా చెప్పింది. సెమీసి ఇద్దరికే చెప్పాడు. వెళ్ళి ఏం చేస్తుందని ఆ ఇద్దరిలో ఒకరికి అనుమానం వచ్చింది. అంతకుముందే టెగన్ చల్లటి గదిలో పాకాన్ని పలకరించడానికి లావుపాటి దూది కోటు తొడుక్కుని వరండాలో కనబడింది. భూమికి దక్షిణం కొసనున్న ఆ ఊరి రేవులో అంటార్కిటికా వెళ్ళే ఎర్ర ఓడ ఆగి ఉంది. ఓడవాళ్ళు వంటమనిషి కోసం చూస్తున్నారని మొన్నే ఎవరో అన్నారు. ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ కాఫీ కప్పులు పట్టుకుని నలుగురు నిలబడిన చోట సంబంధం లేని సంగతులంటూ ఉండవు. ఇంకో అరగంటకి టెగన్ అంటార్కిటికా ఓడలో వంటమనిషి. ఎన్నాళ్ళకి ఒప్పుకుందో కూడా ఒకతను చెప్పాడు.

గ్లెనిస్ ఊరుకోలేదు. ప్రమాదం జరిగితే ఎవరికి చెప్పాలని ప్రతి విద్యార్థి దగ్గరా ఫోను నంబరు తీసుకుని ఉంచుతుంది. చదువు మానెయ్యడం ప్రమాదం కాకపోతే మరేది ప్రమాదం అనుకుని డెలొరైన్ అనే పల్లెకి ఫోన్ చేసింది. అక్కడ టెగన్ తల్లి డోరీన్ బంగాళాదుంపలూ, సర్కారు అనుమతితో గసగసాలూ పండిస్తుంది. ఫోన్ విని ఆమె ఏమీ మాట్లాడలేదట. ట్రక్కు స్టార్టయిన చప్పుడు మాత్రం వినిపించిందట.

ఇదేదీ తెలియని టెగన్ బల్ల దగ్గర కూర్చుని ఉంటే సెమీసి వచ్చి తన భోజనం డబ్బా ముందు పెట్టాడు. ఆకుల్లో చుట్టి కొబ్బరిపాలలో వండిన మాంసం. ఆ డబ్బాని అతను ఈ నాలుగేళ్ళలో ఎవరికీ వాసన కూడా చూపించలేదు.

"తిను."

"ఇది నీ మధ్యాహ్నం భోజనం కదా?"

"నాకన్నా నీకు అవసరం. అక్కడ ఇలాంటివి దొరకవు."

"ఎక్కడ?"

సెమీసి డబ్బాని ఆమె వైపు ఇంకాస్త జరిపాడు. "ఎక్కడైనా. చూడు, నీ మీద ఇక్కడెవరికీ కోపం లేదు. హార్వీకి కూడా లేదు."

టెగన్ చేతిలో చెంచా ఆగిపోయింది. "హార్వీకి తెలిసిపోయిందా?"

"తెలిసింది. చాలా బాధపడ్డాడు. నువ్వే వచ్చి చెప్పుంటే బావుండేదన్నాడు."

ఎనిమిది నెలల సోమవారాలు ఒక్కసారిగా మీద పడినట్టయింది టెగన్‌కి. పాకం సంగతి, అబద్ధం సంగతి అందరికీ తెలిసిపోయాయన్నమాట. పొద్దున్నించి వీళ్ళు తన వంక చావు ఇంట్లో చూసినట్టు చూస్తున్నది అందుకే. తనని తీసేస్తున్నారు. మాంసం రుచిగా ఉంది. ఆ దుఃఖంలో కూడా సగం తినేసింది.

క్షమాపణ చెప్పుకుందామని హార్వీ గదికి వెళ్ళింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆయన బల్ల సొరుగు లాగి, ఏదో చిన్న వస్తువుని పలచటి కాగితంలో చుడుతున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాయి. ఆమెని చూసి ఆ పొట్లం గభాల్న ఫైలు కింద పెట్టేశాడు.

"టీకి తప్పకుండా రా" అన్నాడు. "నలుగురిలో ఒక మాట చెప్పాలి."

నలుగురిలోనే చెప్తాడట. టెగన్ మెట్లదాకా వెళ్ళింది. అక్కణ్ణించి తిన్నగా దిగిపోతే బస్సు దొరికేది. కానీ పై అంతస్తులో కత్తెర సిద్ధంగా ఉంది, గడ్డం సిద్ధంగా ఉంది. తీసేసేవాళ్ళు ఎలాగూ తీసేస్తారు, తోడు దొరికే అవకాశం మళ్ళీ రాదు. వెనక్కి వచ్చి, నమూనాలు దాచే ప్లాస్టిక్ సంచీ ఒకటి జేబులో పెట్టుకుని టీ గదికి నడిచింది.

గది నిండా మనుషులు. బల్ల మీద మాంసం రొట్టెలు, టమాటా సాసు, కొబ్బరి పొడి అద్దిన లామింగ్టన్ అనే కేకు ముక్కలు. మధ్యలో ఇంకో పెద్ద కేకు. దాని మీద నీలి క్రీముతో "వెళ్ళిరా టెగన్" అని రాసి ఉంది. అక్షరాల కింద ఒక పెంగ్విన్ కూడా ఉంది. మెడ పట్టుకు గెంటేటప్పుడు కూడా కేకు పెట్టి గెంటే మర్యాద ఈ ఊళ్ళోనే చూశాను అనుకుంది టెగన్. పెంగ్విన్ ఎందుకో అర్థం కాలేదు.

హార్వీ మెడకి తువ్వాలు చుట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో లామింగ్టన్ ముక్క. దాన్ని పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"పోయినేడు ఐలీన్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా క్లాసులన్నీ ఈ అమ్మాయి చెప్పింది" అన్నాడు. "మా కుక్కకి తిండి పెట్టింది. ఐలీన్‌కి సూప్ చేసుకొచ్చింది. అది తాగలేకపోయిందనుకో, అది వేరే సంగతి. నేను అప్పుడు థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు. మనుషులు వెళ్ళిపోయేదాకా మంచిమాట నోట్లోనే దాచుకోవడం నా జబ్బు. నా దగ్గర చదివినవాళ్ళలో ఇంత ఓర్పుగా పనిచేసినవాళ్ళని నేను చూడలేదు. ఏ దారిన వెళ్ళినా నీకు మంచే జరగాలి. అక్కడ నీ చేతి వంట తినేవాళ్ళకి కూడా."

ఆఖరి మాట టెగన్‌కి బోధపడలేదు. అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతగా మెచ్చుకున్నవాడు ఎందుకు తీసేస్తున్నాడో అడుగుదామనుకునేలోగా ఆయన కాగితం పొట్లాన్ని ఆమె చేతిలో పెట్టి, తరవాత విప్పుకో అని మళ్ళీ కూర్చున్నాడు. ఐలీన్ కత్తెర తీసింది. మొదటి కత్తిరింపు టెగన్‌కేనంది. కుడివైపు ఒక పాయ కోసి, ముందే తెచ్చుకున్న పసుపు రిబ్బనుతో కట్టి, ఆమె అరచేతిలో పెట్టి, చెంప మీద ముద్దు పెట్టుకుంది. గ్లెనిస్ ముక్కు చీదుకుంది.

టెగన్ పొట్లాన్ని జేబులో వేసుకుని, రిబ్బను విప్పి, వెంట్రుకలు ప్లాస్టిక్ సంచీలో వేసి, మూతి నొక్కి మూసి, జేబులోంచి కలం తీసి దాని మీద తేదీ వేసి "హార్వీ, కుడివైపు" అని రాసింది. తలెత్తేసరికి అందరూ ఆ సంచీ వంకే చూస్తున్నారు.

"ఫ్రేము కట్టించుకుంటావనుకున్నానమ్మా" అంది ఐలీన్.

టెగన్ సంచీని జేబులో వేసుకుంది. ఇంక ఐలీన్ క్షవరం యంత్రం అందుకుని కుడివైపంతా తీసేసింది. ఎడమవైపు మొదలుపెట్టబోతుంటే తలుపు తెరుచుకుంది. పొలం బూట్లతో డోరీన్ నిలబడి ఉంది.

"ఓడలో వంటకి కుదిరావుటే?" అంది కూతురిని చూసి. "నువ్వు? గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చినదానివి?"

"ఏ ఓడ?"

"అంటార్కిటికా ఓడ. నా పొలంలో పువ్వుతో మొదలుపెట్టిన పని ఇది. దీన్ని సగంలో ఒదిలేసి పెంగ్విన్లకి వండిపెడతావా?"

"నేనెక్కడికీ వెళ్ళట్లేదమ్మా" అంది టెగన్. "వీళ్ళే నన్ను తీసేశారు."

"మేమా?" అన్నాడు హార్వీ, సగం గడ్డంతో.

అందరూ అందరి మొహాలూ చూసుకున్నారు. చూపులన్నీ ఒకటొకటిగా గ్లెనిస్ దగ్గరికి చేరాయి. ఆమె కేకు కత్తి పదును చూసుకుంటోంది. సెమీసి మాత్రం ఓడ సంగతి తను చెప్పలేదని, తను చెప్పింది మానేసిన సంగతేనని గొణిగాడు.

ఇక దాచి లాభం లేదు. పాకం సంగతి, సోమవారాల సంగతి, పొద్దున ఫ్లాస్కు మూత ఎందుకు తీసిందో ఆ సంగతి టెగన్ వరసగా చెప్పేసింది. "గడ్డం అడిగింది గుర్తుకి కాదు. తోడుకి" అంది. అని, ఐలీన్ వైపు తిరిగి మొక్కుకున్నదాన్ని ఇలా వాడుకోవాలనుకున్నందుకు క్షమించమంది.

హార్వీ కుర్చీలోంచి లేచాడు. తువ్వాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎనిమిది నెలలా?"

"ఎనిమిది నెలలు."

"ఈ గడ్డం నేనెందుకు పెంచానో తెలుసా నీకు?" అన్నాడు. గొంతులో కోపమో ఏమో ఎవరికీ అంతుపట్టలేదు. "నా డాక్టరేట్ రోజుల్లో నా ఫ్లాస్కు కూడా ఇలాగే ఏడాది ఏడిపించింది. మా ముసలి ప్రొఫెసర్ వచ్చి దాని మీద గడ్డం దులిపాడు. సాయంత్రానికి స్ఫటికాలు. దేనివల్ల కట్టాయో దేవుడికే తెలుసు. ఆ రోజే అనుకున్నాను, నా దగ్గర చదివే పిల్లలకి నేను కూడా అలా పనికిరావాలని. ముప్పై ఏళ్ళు పెంచాను. ముప్పై ఏళ్ళు సూప్ సరిగ్గా తాగలేదు. ఒక్కరంటే ఒక్కరు అడగలేదు."

"బ్లేడు పడదని చెప్పావు నాతో" అంది ఐలీన్.

"పెళ్ళికి ముందు ఇదంతా చెప్తే ఒప్పుకునేదానివా?"

సగం గడ్డంతో ప్రొఫెసర్ ముందు, ఆయన వెనక అందరూ మెట్లు దిగి ప్రయోగశాలకి వెళ్ళారు. గ్లెనిస్ డోరీన్‌తో సహా అందరికీ రక్షణ కళ్ళద్దాలు పంచింది. హార్వీ అలవాటు కొద్దీ వల తొడుక్కుంటే, ఆవిడే వచ్చి శిలాఫలకం మీద తెర తీసినంత గంభీరంగా దాన్ని లాగేసింది. టెగన్ ఫ్లాస్కు మూత తీసి పట్టుకుంది. హార్వీ వంగి, మిగిలిన సగం గడ్డాన్ని రెండు చేతులా దులిపాడు. లామింగ్టన్ తాలూకు కొబ్బరి పలుకు ఒకటి పాకంలో పడింది. టెగన్ సంచీలో వెంట్రుకలు కూడా దులిపింది. గాజుకడ్డీతో కలిపింది. అందరూ చూశారు. పాకం కూడా వాళ్ళని చూసింది.

చాలాసేపయ్యాక ఐలీన్ గొంతు వినిపించింది. "ఒక సంగతి చెప్పాలి. రాత్రి దీనికి తలంటు పోశాను. నలుగురిలో కూర్చునే మనిషి కదా అని. రెండుసార్లు షాంపూ పెట్టాను."

హార్వీ నెమ్మదిగా నిటారుగా నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళ సరుకు" అన్నాడు.

"అందులో చాలావరకు సూపే" అంది ఐలీన్.

ఎవరో నవ్వబోయి మానేశారు. టెగన్ స్టూలు మీద కూలబడింది. ఇక చెయ్యడానికేమీ లేదు. తీసెయ్యలేదన్న సంతోషం ఎంతసేపు? నెలాఖరుకి థీసిసే ఆ పని చేస్తుంది. హార్వీ గడువు పెంచమని అడుగుదామన్నాడు. ఎక్స్‌రే యంత్రం ఎప్పుడు తెరుస్తారో తెలియకుండా ఎంతకని పెంచుతారు? సెమీసి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

డోరీన్ ఒక్కతే మామూలుగా ఉంది. చేతికొచ్చిన పంట వానపాలు కావడం ఆమెకి కొత్త కాదు. "పెద్దాయన ఏదో ఇచ్చాడటగా" అంది. "ఏడవడం తరవాత. ముందు విప్పి చూసి థాంక్స్ చెప్పు. అలా జేబులో కుక్కుకుంటారా ఎవరైనా?"

టెగన్ పొట్లం విప్పింది. లోపల వేలెడంత గాజుసీసా. దాని మీద చీటీ. చీటీ మీద ఆమె చేతిరాతే, రెండేళ్ళనాటిది.

"నా పిల్లలు కొత్త పదార్థం చేసిన మొదటి సీసా దాచిపెడతాను" అన్నాడు హార్వీ, కాస్త సిగ్గుపడుతూ. "డాక్టరేట్ వచ్చిన రోజున ఇస్తాను. నువ్వు వెళ్ళిపోతున్నావన్నారు కదా, ఖాళీ సీసా అయినా నీ దగ్గరుంటుందని..."

మాట పూర్తికాలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కదపకు" అన్నాడు.

టెగన్ సీసాని కిటికీ వైపు పట్టుకుంది. ఖాళీగానే ఉంది, వంట చెయ్యనివాళ్ళ కళ్ళకి. కడగని పెరుగు గిన్నె ఖాళీదని ఎవరంటారు? అడుగున, గోడవారన, పిండిలో వేలు పెట్టి తీస్తే మిగిలేపాటి తెలుపు. హార్వీ రెండో ఫ్లాస్కు తెచ్చి పట్టుకున్నాడు. టెగన్ గాజుకడ్డీ మొనతో సీసా లోపల ఒక్కసారి రాసి, కొబ్బరి పడని ఆ ఫ్లాస్కులో పాకానికి ఆ మొన తాకించింది.

ముందు ఏమీ కాలేదు. తరవాత కడ్డీ మొన దగ్గర ఒక తెల్లటి సూది మొలిచింది. దాని పక్కన ఇంకొకటి. అక్కడ చలికాలమైన జులైలో డెలొరైన్ పచ్చిక మీద మంచు పరుచుకున్నట్టు ఆ తెలుపు ఫ్లాస్కు అంచుదాకా పాకింది. సెమీసి చర్చిలో పాడేదేదో సన్నగా మొదలుపెట్టాడు. ప్రయోగశాలలో పాటలు కూడదనే గ్లెనిస్ ఈసారి అతన్ని ఆపలేదు.

"విత్తు దగ్గర పెట్టుకుని పంట రాలేదని ఏడ్చారన్నమాట" అంది డోరీన్. "దీనికోసం మూడు గంటలు బండి తోలించారు నా చేత." అని, ఆమె కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

డాక్టరేట్ వస్తే గాని ఇవ్వని సీసా. ఆ సీసా వస్తే గాని రాని డాక్టరేట్. గ్లెనిస్ పొరపాటు పడి ఉండకపోతే అది సొరుగులోనే ఉండిపోయేది. టెగన్ ఆ సంగతి తలుచుకుని గ్లెనిస్‌ని గట్టిగా వాటేసుకుంది. గ్లెనిస్ దాన్ని తనకు న్యాయంగా రావాల్సిందిగానే స్వీకరించింది. అసలీ పిల్ల వెళ్ళదని తనకి మొదటినుంచీ తెలుసని అప్పుడే ఎవరితోనో అంటోంది. హార్వీకి టెగన్ థాంక్స్ చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, సోమవారం చెప్పు, సోమవారాలు నిజం చెప్పడం అలవాటు చేసుకో అన్నాడు.

అందరూ మళ్ళీ పైకి వెళ్ళారు. ఐలీన్ ఎడమవైపు కూడా తీసేసి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి మొగుడి చుబుకం అటూ ఇటూ తిప్పి చూసి, ఫరవాలేదంది. గ్లెనిస్ కేకు మీద "వెళ్ళిరా" వరకు గీకేసింది. పెంగ్విన్ డోరీన్ వంతుకి వచ్చింది. మర్నాడు స్ఫటికాలు ఎక్స్‌రేకి వెళ్ళాయి. ఫ్లాస్కులో ఉన్నది మందు చెయ్యేనని తేలింది.

థీసిస్ మొదట్లో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. టెగన్ అందులో అమ్మని, హార్వీని, ఐలీన్‌ని, సెమీసి భోజనాన్ని, గ్లెనిస్ ఫోన్‌ని, ఒక్కొక్కదాన్నీ తలుచుకుని రాసింది. గడ్డానికి కూడా ఒక వాక్యం రాసింది. హార్వీ దాన్ని ఎర్రసిరాతో కొట్టేసి పక్కన రాశాడు: "ఫలితం ఇవ్వని పద్ధతులు అనుబంధంలో చేర్చవలెను."